స్పిరులినా తొట్టికి సేంద్రియ పోషకాలు: గానుగ చెక్క, బూడిద, జీవామృతం... ఏది పెట్టొచ్చు?

పోరంకి_మేడ
అందరికీ నమస్కారం. విజయవాడ పక్కన పోరంకిలో ఉంటాం. మేడమీద టార్పాలిన్ తొట్లలో స్పిరులినా అనే తినే నాచును పెంచుతున్నాను. అమ్మకానికి కాదు, ఇంట్లో తినడానికే. పొద్దున్నే వడకట్టి, పిండి, పచ్చిదే మజ్జిగలో కలుపుకొని ఇంటిల్లిపాదీ తాగుతాం. నీటి లోతు జానెడు లోపే ఉంటుంది. లీటరు నీటికి 8 గ్రాముల వంట సోడా, 5 గ్రాముల ఉప్పు, 2 గ్రాముల పొటాషియం నైట్రేట్ వేస్తాను. చిటికెడు ఎప్సమ్ సాల్ట్, కాస్త ఇనుము కూడా. పంట బాగానే వస్తోంది.

నాకు నచ్చనిది ఒక్కటే. ఆ నైట్రేట్ బస్తా డ్రిప్పు తోటల కోసం అమ్మేది. దాని మీద ఆహారం అన్న మాటే లేదు. మా వీధి చివర గానుగలో వేరుశనగ చెక్క కళ్ల ముందే దొరుకుతుంది. మా అత్తగారింట్లో సరుగుడు కట్టెల బూడిద ఉంది. తమ్ముడు కంకిపాడు దగ్గర పొలంలో జీవామృతం కలుపుతాడు. వీటితోనే తొట్టి నడపగలమా? నడిపితే పిల్లలకు ధైర్యంగా పెట్టొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తెనాలి_సేద్యం
మంచి ఆలోచనమ్మా. రసాయనం పోసి పెంచిన దాన్ని ఆరోగ్యం కోసం తినడం నాకూ మింగుడుపడదు. మా మాగాణిలో జీవామృతం తప్ప ఏమీ వేయం. 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవుపేడ, ఓ 5 నుంచి 10 లీటర్ల ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. రెండు మూడు రోజులు నీడలో కలియబెట్టి, గుడ్డలో వడకట్టి, తొట్టికి కొద్దికొద్దిగా పోసి చూడండి. వరికి పనికొచ్చింది నాచుకు పనికిరాకుండా పోదు.

కైకలూరు_చెరువు
తెనాలి అన్నగారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, దయచేసి ఆ పని చేయించకండి. నేను రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. మా దగ్గర పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 8.5 దాటి అమోనియా కనబడితేనే రైతుకు నిద్ర పట్టదు. ఈవిడ తొట్టిలో పీహెచ్ 10 ఉంటుంది.

అమోనియం అనేది పీహెచ్‌ను బట్టి రూపం మార్చుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 9.25 ఉంటే సగం అమోనియం, సగం అమోనియా వాయువు. పీహెచ్ 10 అయితే వందలో 85 వంతులు వాయువే. నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. ఆ వాయువు స్పిరులినా కణాల్లోకి దూరి వాటినే చంపుతుంది. చంపనిది గాల్లో కలిసిపోతుంది. జీవామృతంలో పంచితం ఉంది, పంచితంలో యూరియా ఉంది, యూరియా విరిగితే అమోనియానే. మేడమీద ముక్కు మండే వాసన వచ్చిందంటే మీ నత్రజని ఎగిరిపోతోందని అర్థం.

తెనాలి_సేద్యం
ఒక మాట అడుగుతా. ఆఫ్రికాలో చాద్ సరస్సు దగ్గర జనం తరతరాలుగా ఈ నాచే తింటున్నారని చదివాను. అక్కడ ఎవరు పొటాషియం నైట్రేట్ పోశారు? పక్షుల రెట్టలూ, కుళ్లిన ఆకులే కదా ఆ నాచుకు తిండి. ప్రకృతిలో జరిగేది మన తొట్టిలో ఎందుకు జరగదు?

గుంటూరు_మాస్టారు
చాలా మంచి ప్రశ్న. చాలామంది అడగాల్సింది ఇదే. నేను గుంటూరులో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

చాద్‌లో కానెంబూ స్త్రీలు సరస్సు చుట్టుపక్కల సోడా మడుగుల నుంచి ఈ నాచును తీస్తారు. ఇసుకలో గుంటలు చేసి అందులో పోసి ఎండబెడతారు. ఆ బిళ్లల్ని ‘దిహే’ అంటారు. మెక్సికోలో అజ్టెక్కులు కూడా టెక్స్‌కోకో సరస్సు నుంచి ఇలాంటి దాన్నే తీసి తిన్నారు. అంటే రెట్టలూ కుళ్లినవీ తిండిగా ఈ నాచు పెరుగుతుందన్న మీ మాట తప్పు కాదు. కానీ ఇందులో రెండు సంగతులు దాగి ఉన్నాయి.

ఒకటి. స్పిరులినా పేడను పేడగా తినదు. దాని శాస్త్రీయ నామం ఆర్థ్రోస్పైరా. నిజానికి ఇది ఆల్గే కూడా కాదు, కిరణజన్య సంయోగ క్రియ చేసే బాక్టీరియా. అజొల్లా ఆకులో ఉండే అనబీనా అనే సూక్ష్మజీవి గాల్లోని నత్రజనిని పట్టుకోగలదు, దీనికి ఆ శక్తి లేదు. నీటిలో కరిగిన నైట్రేట్, కొద్దిపాటి అమోనియం, యూరియా, ఇవే దీని నత్రజని. సరస్సులో రెట్టల్ని కుళ్లబెట్టి కరిగే రూపంలోకి తెచ్చే పని ఇతర సూక్ష్మజీవులది. అంత విశాలమైన సరస్సులో అది మెల్లగా, ఎక్కడో అడుగు బురదలో జరిగిపోతుంది. జానెడు లోతు తొట్టిలో ఆ కుళ్లడం మనం తాగే నీటిలోనే జరుగుతుంది.

రెండోది దీనికన్నా ముఖ్యం. చాద్‌లో దిహేను పచ్చిగా మింగరు. పులుసులో వేసి ఉడికించి, జొన్న, సజ్జ సంకటితో తింటారు. మన పోరంకి అమ్మాయి ఇంట్లో పచ్చిదే మజ్జిగలో కలుపుతున్నారు. ఉడికించని తిండికి పేడనీళ్లు తగిలించకూడదు. తోటకూరకు పేడ వేస్తాం, నిజమే. దాన్ని కడుగుతాం, వండుతాం. స్పిరులినా పోగులకు అంటుకున్న బాక్టీరియాను కడిగి వదిలించలేం. పీహెచ్ 10లో ఈ. కోలి లాంటివి చాలావరకు చస్తాయి కానీ అన్నీ చస్తాయని హామీ లేదు. బాసిల్లస్ జాతుల బీజాలు ఆ పీహెచ్‌ను సునాయాసంగా తట్టుకుంటాయి. పైగా బెల్లం, శనగపిండి పోస్తే బాక్టీరియాకు విందే. తొట్టి నురగ కట్టి జిగురెక్కుతుంది, గుడ్డలో వడకట్టడమే కష్టమవుతుంది.

అందుకని నా మాట ఒక్కటే. సేంద్రియ పదార్థం వాడండి, కానీ దాన్ని తొట్టి బయటే పూర్తిగా కుళ్లబెట్టి, నైట్రేట్‌గా మార్చి, తేటపరిచి, వేడిచేసి, అప్పుడు లోపలికి పంపండి. కుళ్లడం ఒక పాత్రలో, పెరగడం ఇంకో పాత్రలో.

పోరంకి_మేడ
మాస్టారూ, ధన్యవాదాలు. ఉడికించడం గురించి మీరు చెప్పింది నాకు బాగా పట్టింది. అయితే బయట నైట్రేట్‌గా మార్చడం ఇంట్లో సాధ్యమేనా? అది ల్యాబులో పని కాదా?

మంగళగిరి_తొట్టి
సాధ్యమేనండీ, నేను అలాగే చేస్తున్నాను. అక్వేరియం పెట్టుకున్న ప్రతి ఇంట్లో ఫిల్టర్ చేసే పని ఇదే. చేపలు వదిలే అమోనియాను నైట్రోసోమోనాస్ జాతి బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఆ నైట్రైట్‌ను మరో జాతి నైట్రేట్‌గా మారుస్తుంది. వాటికి కావాల్సింది గాలి, 7 నుంచి 8 మధ్య పీహెచ్, కూర్చోడానికి గరుకైన చోటు, మన ఓపిక.

ఈ పద్ధతి మీద జపాన్ పరిశోధకులు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. మట్టి లేని సాగు కోసం చేపల నుంచి తీసిన ఎరువును చెట్టు బెరడు కంపోస్టుతో కలిపి, రోజూ కొద్దికొద్దిగా వేస్తూ, గాలి కొడుతూ, నీటిలోనే నైట్రేట్ తయారు చేశారు. ఎరువంతా ఒక్కసారే పోస్తే అమోనియా దగ్గరే ఆగిపోతుంది. రోజూ కొంచెం అన్నదే కిటుకు.

నా డ్రమ్ము ఎలా ఉంటుందంటే: ప్లాస్టిక్ డ్రమ్ములో మూడొంతుల నీళ్లు, అడుగున అక్వేరియం గాలి రాళ్లు, ఒక వల సంచిలో కడిగిన కంకర, ఇటుక ముక్కలు. మాగిన ఆకు కంపోస్టు గుప్పెడు పల్చటి గుడ్డలో కట్టి వేలాడదీస్తాను, బాక్టీరియా విత్తనం అదే. చెక్కను దంచి, వేరే బకెట్లో నానబెట్టి, దాని తేటను రోజూ గ్లాసుడు పోస్తాను. మొదట్లో పైన తెల్లటి నురగ లేస్తుంది, పుల్లటి కంపు కొడుతుంది. ఆ వాసన పోయి తొలకరి వాన పడ్డ మట్టి వాసన వచ్చేవరకు పోసే చెక్క తేటను పెంచను. నీళ్లు లేత టీ రంగులో నిలుస్తాయి. టెస్ట్ కిట్‌లో ముందు అమోనియా పెరుగుతుంది, అది పడిపోతుంటే నైట్రైట్ లేస్తుంది, అదీ సున్నాకు వచ్చాక నైట్రేట్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఆ నీళ్లు సిద్ధం.

నైట్రేట్ తయారయ్యేకొద్దీ నీరు ఆమ్లంగా మారుతుంది, పీహెచ్ 6.5 కిందకు పోతే పని మందగిస్తుంది. అందుకని కాస్త వంట సోడా వేస్తూ ఉంటాను. ఎలాగూ స్పిరులినాకు అదే కావాలి కనుక వృథా కాదు. కరెంటు పోయి గాలి ఆగిపోతే మాత్రం టెన్షనే. ప్రాణవాయువు లేని నీటిలో ఇంకో రకం బాక్టీరియా చేరి, తయారైన నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి వదిలేస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న పంపు పక్కన పెట్టుకోండి.

కైకలూరు_చెరువు
మంగళగిరి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఒకటి కలుపుతా. అమోనియంలోని ఒక గ్రాము నత్రజని నైట్రేట్ కావడానికి, కాల్షియం కార్బొనేట్ లెక్కలో, దాదాపు 7 గ్రాముల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) ఖర్చవుతుంది. మా చెరువుల్లో లెక్క కూడా ఇదే. కాబట్టి సోడా ‘కాస్త’ అనకుండా వారానికోసారి ఆల్కలినిటీ కొలవండి. కిట్‌లు బందరు, భీమవరం, కైకలూరు వైపు ఏ ఆక్వా షాపులోనైనా దొరుకుతాయి.

నీటి సంగతి కూడా చూసుకోండి. పల్నాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పు ఎక్కువ. కాల్షియం ఎక్కువున్న నీరు సోడా కలపగానే సున్నంలా తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది, మీరు వేసిన ఫాస్ఫేట్‌ను కూడా తనతో లాక్కుపోతుంది. వాన నీళ్లో, ఆర్.ఓ. నీళ్లో, క్లోరిన్ వదిలించిన మున్సిపాలిటీ కృష్ణా నీళ్లో మేలు.

పోరంకి_మేడ
మాది మున్సిపల్ నీరు, ఒక రోజు ఎండలో ఉంచి వాడతాను. అయితే ఎంత చెక్క కావాలి? ఏదైనా లెక్క ఉందా?

గుంటూరు_మాస్టారు
ఉంది. పలక తీసుకోండి.

ఎండిన స్పిరులినాలో 60 శాతం దాకా మాంసకృత్తులు. మాంసకృత్తుల్ని 6.25తో భాగిస్తే నత్రజని. అంటే కిలో పొడిలో సుమారు 100 గ్రాముల నత్రజని ఉంటుంది. మీరు కిలో పొడి తీసిన ప్రతిసారీ 100 గ్రాముల నత్రజని తొట్టి నుంచి బయటకు వెళ్లిపోయినట్టు. అంతా తిరిగి పెట్టాలి.

వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం. కిలోన్నర చెక్కలో కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ కొంత మడ్డిలో ఉండిపోతుంది, కొంత గాల్లోకి పోతుంది. సగమే నైట్రేట్‌గా చేతికొస్తుందనుకుంటే కిలో పొడికి 3 కిలోల చెక్క. అదే చెక్కలో భాస్వరం, పొటాష్ కూడా ఉన్నాయి. 3 కిలోల్లో 20 గ్రాముల దాకా భాస్వరం, 30 గ్రాముల దాకా పొటాషియం వస్తాయి. స్పిరులినాకు కిలోకు కావాల్సింది సుమారు 10 గ్రాముల భాస్వరం, 15 గ్రాముల లోపు పొటాషియం. కాబట్టి బూడిద మీద పెద్దగా ఆధారపడక్కర్లేదు. పాత తలుపులు, రంగు వేసిన కలప కాల్చిన బూడిదైతే అసలు ముట్టుకోవద్దు, సీసం ఉంటుంది. స్పిరులినా సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి లోహాలను పట్టేసుకుంటుంది. తొట్టిలో అణువంత ఉన్నది పొడిలో పేరుకుపోతుంది.

మేడమీద చదరపు మీటరుకు రోజుకు 5 నుంచి 8 గ్రాముల పొడి వస్తే బాగా వచ్చినట్టే. 6 గ్రాములనుకుందాం. రోజుకు 0.6 గ్రాముల నత్రజని కావాలి. మంగళగిరి గారి డ్రమ్ము నీళ్లలో లీటరుకు 200 మిల్లీగ్రాముల నైట్రేట్ నత్రజని ఉంటే చదరపు మీటరుకు రోజూ 3 లీటర్లు పోయాలి. అంటే నీటిమట్టం 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన ఎండకు అంతకన్నా ఎక్కువే ఆవిరైపోతుంది కనుక తొట్టి పొంగదు. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టినప్పుడే చిక్కు. అప్పుడు పంట కూడా తగ్గుతుంది కనుక పోసేది తగ్గించండి.

తెనాలి_సేద్యం
మాస్టారి లెక్క నోట్ చేసుకున్నాను. పేడ విషయంలో మీ అందరి మాటా ఒప్పుకుంటున్నా, పచ్చిగా తినేదానికి వద్దు. కానీ నా పట్టు ఒకటుంది. చెక్క గానుగదే కావాలి. మిల్లుల్లో చెక్కలోంచి మిగతా నూనె లాగడానికి ద్రావణం వాడతారు. ఇంకో మాట, ఆముదం పిండి చవకని కొనకండి. అందులో రిసిన్ అనే విషం ఉంటుంది, పశువులకే పెట్టరు. వేప పిండి సూక్ష్మజీవుల్ని అణుస్తుంది, మీరు పెంచాలనుకునే నైట్రేట్ బాక్టీరియానే దెబ్బతింటుంది.

గుంటూరు_మాస్టారు
చాలా విలువైన మాట చెప్పారు. వేరుశనగ చెక్కలో కూడా ఒక ప్రమాదం ఉంది, అఫ్లాటాక్సిన్. తడి తగిలి బూజు పట్టిన పప్పు నుంచి వస్తుంది. కాచినా పోదు. నల్లబడిన చెక్క, ముక్క వాసన వేసే చెక్క వద్దే వద్దు. గానుగాయన దగ్గర అదే రోజు ఆడినది తీసుకొని ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి. నువ్వుల చెక్క దొరికితే అదీ మంచిదే.

బ్రాడీపేట_పోషణ
నేను డైటీషియన్‌ని. పోషకాల వైపు నుంచి రెండు మాటలు.

స్పిరులినాలో బీ12 పుష్కలం అని చాలా డబ్బాల మీద రాస్తుంటారు. అందులో ఎక్కువ భాగం మన శరీరానికి పనికిరాని నకలు రూపం. శాకాహారులు దాన్ని నమ్ముకొని బీ12 మందు మానొద్దు. మాంసకృత్తులు మంచివే. అయితే రోజుకు 3 గ్రాములు తింటే వచ్చేది 2 గ్రాముల లోపు. పెసరపప్పు గుప్పెడు అంతకన్నా ఎక్కువిస్తుంది. ఇనుము, బీటా కెరోటిన్, ఫైకోసయానిన్ అనే నీలి వర్ణకం కోసం తినండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆటో ఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, గౌట్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగందే మొదలుపెట్టొద్దు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్న పిల్లలకు పనికిరాదు.

పోరంకి గారూ, పచ్చిదాన్ని పిండిన గంటల్లోనే తినేయండి. వంటగట్టు మీద మధ్యాహ్నం దాకా వదిలేసిన పచ్చి స్పిరులినా, చేప పాడైనట్టే పాడవుతుంది.

పోరంకి_మేడ
అక్కా, మంచిదైంది చెప్పారు. మిగిలినదాన్ని నేను జంతికల గొట్టంలో వేసి, సన్నటి పోగులుగా స్టీలు జాలీ మీద ఒత్తి ఎండబెడుతున్నాను. నేరుగా ఎండలో పెడితే రంగు వెలిసిపోతోంది.

మంగళగిరి_తొట్టి
నేరుగా ఎండ పడకూడదండీ. నల్ల గుడ్డ కప్పిన పెట్టెలో, గాలి ఆడేలా, 60 డిగ్రీలు దాటకుండా ఎండాలి. వేడి ఎక్కువైతే నీలి వర్ణకం పోతుంది. పోగు చేత్తో విరిస్తే కారప్పూసలా ఫట్‌మని విరగాలి. వంగిందంటే తేమ ఉన్నట్టే, రెండు వారాల్లో కంపు కొడుతుంది. వడకట్టడానికి స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు వాడే పాలిస్టర్ గుడ్డ బాగుంటుంది, విజయవాడ వన్‌టౌన్‌లో దొరుకుతుంది. చివరిగా మంచినీళ్లతో ఒకసారి కడిగి పిండితే సోడా రుచి పోతుంది.

ఎండల సంగతి మర్చిపోకండి. రోహిణి కార్తెలో మేడమీద తొట్టి నీరు 40 దాటిందంటే పోగులు తెగిపోయి అడుగున పసుపుపచ్చ మడ్డి చేరుతుంది. సగం నీడనిచ్చే ఆకుపచ్చ వల ఉగాదికే కట్టేయండి. 30 నుంచి 35 దానికి హాయి.

చిలకలూరిపేట_యువ
అన్నలూ, అక్కలూ, నేను డిగ్రీ అయిపోయి ఇదే వ్యాపారంగా పెట్టాలనుకుంటున్నా. ఒక సంస్థవాళ్లు ట్రైనింగ్ ఇచ్చి, తొట్లూ విత్తనమూ ఇచ్చి, పొడి మొత్తం తామే కొంటామన్నారు. అడ్వాన్సు తీసుకున్నాక ఫోను ఎత్తడం లేదు. ఇప్పుడు నేనే సొంతంగా చెక్కతో పెంచి ‘ఆర్గానిక్ స్పిరులినా’ అని అమ్మితే మంచి రేటు వస్తుందా?

గుంటూరు_మాస్టారు
నాయనా, డబ్బు విషయంలో రాతకోతలన్నీ దాచి వినియోగదారుల ఫోరంకు వెళ్లు, ఆలస్యం చేయకు.

ఇక ఆర్గానిక్ అన్న మాట. మన దేశంలో ఆ మాటకు 2017 నుంచి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. ప్రకారం ఆహారాన్ని ఆర్గానిక్ అని అమ్మాలంటే సాధారణంగా ఎన్.పి.ఓ.పి. (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) కానీ, పి.జి.ఎస్. ఇండియా (రైతు బృందాలే ఒకరినొకరు తనిఖీ చేసుకునే పద్ధతి) కానీ ధ్రువీకరణ ఉండాలి. చెక్క పోశాను కాబట్టి ఆర్గానిక్ అని మనమే డబ్బా మీద రాసుకోలేం.

అమెరికాలో జరిగింది విను. అక్కడి సేంద్రియ నిబంధనల్లో గనుల నుంచి తవ్విన సోడియం నైట్రేట్‌ను పంట నత్రజనిలో 20 శాతానికి మించి వాడకూడదన్నారు. స్పిరులినాకు మాత్రం 2005 అక్టోబరు 21 వరకు ఎంతైనా వాడుకోవచ్చని మినహాయింపు ఇచ్చారు. గడువు తీరాక ఆ వెసులుబాటు పోయింది. సేంద్రియంగా స్పిరులినా పెంచడంలో అసలు ముడి నత్రజనే అని ఆ నిబంధన చూస్తేనే తెలుస్తుంది. మన పక్కనే తమిళనాడులో ప్యారీ కంపెనీ ఊనైయూరులో సేంద్రియ ధ్రువీకరణతో పెద్ద ఎత్తున పెంచుతోంది. అంటే అయ్యే పనే. కానీ అది ల్యాబు, సిబ్బంది, ప్రతి బ్యాచ్‌కూ పరీక్షలు ఉన్న వ్యవహారం. డ్రమ్మూ గాలి పంపూ పెట్టుకొని లేబుల్ కొట్టించేది కాదు.

చిలకలూరిపేట_యువ
అర్థమైంది మాస్టారూ. మరి ఇంటికి పెంచుకునేవాళ్లు కూడా పరీక్షలు చేయించాలా?

గుంటూరు_మాస్టారు
ఏడాదికి ఒకసారైనా చేయించాలి. పోషక నీళ్లు మార్చినప్పుడు తప్పకుండా చేయించాలి. ఎన్.ఏ.బి.ఎల్. (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులో ఈ. కోలి, సాల్మొనెల్లా, మొత్తం బాక్టీరియా సంఖ్య, సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం చూపించండి. వీలైతే మైక్రోసిస్టిన్ కూడా. తొట్టిలోకి మైక్రోసిస్టిస్ లాంటి ఇతర నీలి ఆకుపచ్చ నాచులు దూరితే కాలేయాన్ని దెబ్బతీసే ఆ విషం వస్తుంది. ఇదీ కాచితే పోయేది కాదు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 1997లో అక్కడి సరస్సు నాచు ఉత్పత్తులకు గ్రాముకు 1 మైక్రోగ్రాము అని హద్దు పెట్టింది. పీహెచ్ 10 దగ్గర నిలబెట్టడమే మనకు మొదటి కాపలా. సేంద్రియ నీళ్లు ఎక్కువ పోసి పీహెచ్ 9 కిందకు జారనిస్తే క్లోరెల్లా, ఇతర నాచులు, వాటిని తినే పురుగులు అన్నీ వస్తాయి.

పాత మైక్రోస్కోపు ఒకటి సంపాదించండి. వందరెట్లు పెద్దది చేసి చూపేది చాలు. స్పిరులినా స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది. తిన్నటి పోగులు ఎక్కువ కనబడితే ఆ బ్యాచ్ తినకుండా ఎవరికైనా చూపించండి. స్పిరులినా కూడా ఒక్కోసారి తిన్నగా సాగుతుంది, కానీ ఆ తేడా కొత్తవాళ్లు పట్టలేరు.

బ్రాడీపేట_పోషణ
మాస్టారు చెప్పినదానికి నాదో అభ్యర్థన. చెక్క నీళ్లకు మారాక పరీక్ష ఫలితం వచ్చేవరకు పిల్లలకు, గర్భిణులకు పచ్చిది పెట్టకండి. కావాలంటే పెసరట్టు పిండిలో కలిపి కాల్చండి. నీలి రంగు పోతుంది కానీ మాంసకృత్తులు, ఇనుము ఎక్కడికీ పోవు.

పోరంకి_మేడ
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేను ఇలా అనుకుంటున్నాను. ఒక తొట్టి ఇప్పటిలాగే నడుపుతా. రెండో తొట్టికి డ్రమ్ము నీళ్లు. డ్రమ్ము నీటిని గుడ్డలో వడకట్టి, రాత్రంతా తేరనిచ్చి, పైతేట పెద్ద గిన్నెలో పొంగు వచ్చేదాకా కాచి, చల్లార్చి పోస్తాను. ఇనుము కోసం మేకులు నిమ్మరసంలో నానబెట్టిన నీళ్లు వాడొచ్చని ఎక్కడో చదివాను, అది నిజమేనా? కాస్తే నైట్రేట్ పోదు కదా?

మంగళగిరి_తొట్టి
కాస్తే నైట్రేట్ పోదు. నిమ్మరసం సంగతి నిజమే. పీహెచ్ 10లో మామూలు ఇనుము తుప్పులా విడిపోయి అడుగున పడిపోతుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం దాన్ని పట్టుకొని కరిగి ఉండేలా చేస్తుంది. జింకు పూత లేని మామూలు ఇనప మేకులే వాడండి, తెల్లగా మెరిసేవి గాల్వనైజ్ చేసినవి, అవి వద్దు. మెగ్నీషియానికి చినగంజాం వైపు ఉప్పు కయ్యల రాళ్ల ఉప్పు కొంత ఇస్తుంది. చాలకపోతే ఎప్సమ్ సాల్ట్ మానక్కర్లేదు.

తెనాలి_సేద్యం
అమ్మా, డ్రమ్ములో మిగిలే చెక్క మడ్డి పారేయకు. కంపోస్టులో కలిపి మీ తమ్ముడి పొలానికి పంపు. మొక్కలకు అదే అమృతం. నేను కూడా ఒక డ్రమ్ము పెడుతున్నా, నారుమడి పక్కనే. కోడలు పట్టుబట్టింది, మనవరాలికి రక్తం తక్కువగా ఉందని.

బ్రాడీపేట_పోషణ
తెనాలి గారూ, పాపకు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి డాక్టర్ చెప్పిన ఇనుము మందు వాడండి. స్పిరులినా పక్కన తోడు మాత్రమే.

పోరంకి_మేడ
ఇంకొక్క ప్రశ్న. ఆక్వా షాపు నైట్రేట్ కిట్ తెచ్చాను. డ్రమ్ము నీటికి రంగు చార్టు చివర దాటిపోయి ముదురు ఎరుపు వచ్చేస్తుందని మంగళగిరి గారు ఇంతకుముందు మెసేజ్‌లో అన్నారు. అప్పుడు ఎంతుందో ఎలా తెలుస్తుంది?

కైకలూరు_చెరువు
ఒక వంతు డ్రమ్ము నీటికి తొమ్మిది వంతుల ఆర్.ఓ. నీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను పదితో గుణించండి. మీ కిట్ నైట్రేట్‌గా చూపిస్తుందా, నైట్రేట్ నత్రజనిగా చూపిస్తుందా అన్నది పెట్టె మీద చదవండి. నైట్రేట్‌గా చూపిస్తే దాన్ని 4.4తో భాగిస్తేనే మాస్టారి లెక్కలోని నత్రజని వస్తుంది. పరీక్షకు ముందు నైట్రైట్ సున్నా అని రూఢి చేసుకోండి, అది ఉంటే నైట్రేట్ అంకె తప్పు చూపిస్తుంది. స్పిరులినా తొట్టి నీటిని నేరుగా ఈ కిట్‌తో కొలవకండి. అందులోని సోడా, మందు చుక్కల ఆమ్లాన్ని విరిచేస్తుంది. వడకట్టి, పది రెట్లు పలచన చేసి, పీహెచ్ 7 దగ్గరకు వచ్చేలా రెండు మూడు చుక్కల వెనిగర్ వేసి, అప్పుడు చూడండి.